జోన్ కొలవడం దగ్గర ఆగకండి

ప్రశ్న: బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. లవంగ నూనెపై ప్రాజెక్టు చేశాను. సహజ ప్రిజర్వేటివ్‌లు బ్యాక్టీరియాను ఎలా అడ్డుకుంటాయన్న దానిపై పరిశోధన చేయాలనుంది. ఉద్యోగాలుంటాయా అని నాన్న అడుగుతున్నారు. ఏ దారి మంచిది?

జవాబు: అగార్ ప్లేటుపై నూనె అద్దిన డిస్క్ పెట్టి, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని, అంటే జోన్‌ను కొలిచి ఉంటారు, డిగ్రీ ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగేది అదే. నూనె అగార్‌లోకి సరిగా పాకదు, కొంత ఆవిరవుతుంది కూడా. కాబట్టి జోన్ చిన్నదైతే నూనెలో పస లేదని చెప్పలేం. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మొదట పట్టుకునేది ఇక్కడే.

ఈ రంగంలోకి నైసిన్ అనే సహజ ప్రిజర్వేటివ్‌తో దిగండి. పాల బ్యాక్టీరియా లాక్టోకాకస్ లాక్టిస్ తయారుచేసే 34 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఇది. కణగోడ కట్టడానికి కావలసిన లిపిడ్-2 అనే అణువును పట్టుకుని కణపొరకు రంధ్రాలు పెడుతుంది. ఆహారం ద్వారా జబ్బు తెచ్చే లిస్టీరియా బ్యాక్టీరియా దీనికి లొంగుతుంది. ఈ.కోలి, సాల్మొనెల్లాకు బయటిపొర అడ్డు కాబట్టి నైసిన్ ఒక్కటే చాలదు. ఆ పొరను వదులు చేయడానికే లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం కలిపి ప్రయోగాలు చేస్తారు.

అసలు ఆసక్తికరమైన ప్రశ్న చీజ్, స్టీలు లాంటి ఉపరితలం మీద అంటుకున్న కణాల దగ్గర ఉంది. ఒకే జాతి కణాలు పక్కపక్కనే ఉన్నా ఒకటి వెంటనే పొర చిరిగి పోతుంది, ఇంకొకటి ఆలస్యంగా పోతుంది, మరొకటి కాసేపు ఆగి మళ్లీ విభజన మొదలెడుతుంది. ప్లేటు మీద పెరిగిన కాలనీలను లెక్కించే ప్లేట్ కౌంట్‌లో ఇదంతా ఒక సగటు అంకె అయిపోతుంది. ఆ మిగిలిన ఒక్కటే చీజ్ ముక్క మీద తర్వాత పెరిగేది.

ఎమ్మెస్సీ డిసర్టేషన్‌కు ఇదే తీసుకోండి. జబ్బు తెచ్చే లిస్టీరియా మోనోసైటోజీన్స్ జోలికి వెళ్లకుండా హాని చేయని లిస్టీరియా ఇన్నోక్యువా వాడండి. 1.5 శాతం అగరోజ్ ప్యాడ్‌పై కణాలు పెట్టి, ప్రొపీడియం అయోడైడ్ అనే రంగు కలిపి, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు 100ఎక్స్ లెన్సు కింద 5 నిమిషాలకో ఫొటో తీయండి. పొర దెబ్బతిన్న కణం ఎర్రగా మెరుస్తుంది. ప్యాడ్ ఎండితే ఫోకస్ జారిపోతుంది, అంచులు సీల్ చేయండి. మార్కెట్లో దొరికే నైసిన్ పొడిలో అసలు నైసిన్ తరచు 2.5 శాతమే, మిగతాది ఎక్కువగా ఉప్పు. అంత ఉప్పు మాత్రమే కలిపిన కంట్రోల్ లేకపోతే ఫలితం నిలబడదు. నైసిన్ పొడిని 0.02 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించండి, తటస్థ బఫర్‌లో సరిగా కరగదు. స్టీలు ముక్క మీద కూడా ప్రయోగం చేసి, దాని నుంచి స్వాబ్ తీసి ప్లేట్ చేస్తే నైసిన్ కూడా వెంట వచ్చి ప్లేటు మీదా చంపుతుంది, తగినంత పలచన చేయండి. ఫొటోల్లో కణాలు లెక్కించడానికి ఇమేజ్‌జే, గణాంకాలకు ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లు నేర్చుకోండి, రెండూ ఉచితమే.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు: తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ ఈ రంగానికి దగ్గరి దారి. గేట్‌లో లైఫ్ సైన్సెస్ పేపరు ఎక్స్‌ఎల్ రాస్తే కెమిస్ట్రీ తప్పనిసరి, దానికి తోడు మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ ఎంచుకోండి. సీఎస్‌ఐఆర్ నెట్‌లో పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు.

ఇక నాన్నగారి ప్రశ్న. ప్రిజర్వేటివ్‌ల పరిశోధన ఉద్యోగాలు తక్కువ, వాటికి దాదాపు పీహెచ్‌డీ కావాల్సిందే. రొయ్యల ఎగుమతి యూనిట్లు, డెయిరీలు, ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లకు మాత్రం మైక్రోబయాలజిస్టులు ఎప్పుడూ కావాలి. ఎమ్మెస్సీ తర్వాత ఆహార విశ్లేషణలో మూడేళ్ల అనుభవముంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిర్వహించే ఫుడ్ అనలిస్ట్ పరీక్ష రాయొచ్చు.