వల కొనే ముందు నీళ్లు చూడరా

చంటీ,

హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి గోదాట్లో చేపలు పడతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. "వాడికి నువ్వైనా చెప్పన్నయ్యా" అంది. నలభై ఏళ్లుగా ధవళేశ్వరం బ్యారేజీ దిగువన వల వేస్తున్నవాణ్ణి, నేనెలా వద్దంటాను? కాకపోతే నేను దిగిన గోదారి వేరు, నువ్వు దిగబోయే మురుగు కలిసిన గోదారి వేరు.

వల తొందరపడి కొనకు. ఓ పదిహేను రోజులు తెల్లారకముందే వెళ్లి ఊరికే గట్టున కూర్చో. చేపలు గుంపుగా పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే కొత్తవాడు సంబరపడిపోతాడు. అవి ఊపిరాడక వచ్చినవిరా. మురుగులో కుళ్లు ఎక్కువైతే దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తాయి. రాత్రంతా నాచు కూడా వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున పరిస్థితి మరీ అన్యాయం. ఎండాకాలమంతా కాల్వల్లో పేరుకున్న బురదని తొలకరి వాన ఒక్కసారిగా ఏట్లోకి తోసేస్తుంది. ఆ రెండు మూడు రోజులూ వల ఎండేసుకుని ఇంట్లో ఉండు.

ఇంకో గుర్తు. బొచ్చె, శీలావతి కనబడకుండా వరసగా మార్పు చేపలు, ఇంగిలాయిలే పడుతున్నాయంటే ఆ పాయ చెడింది. వాటికి పైకొచ్చి గాలి పీల్చుకునే వీలుంది, పాపం బొచ్చెకి లేదు. గుర్రపుడెక్క గట్టిగా పరుచుకున్న చోటా అంతే.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒక వేసవిలో ఏదో ఫ్యాక్టరీ గొట్టం కలిసే చోటికి కాస్త కిందగా బొచ్చెలు మందకొడిగా తిరుగుతుంటే అరగంటలో బుట్ట నింపేశాను. మొప్పలు ఎర్రగానే ఉన్నాయి, అమ్మేశాను. సాయంత్రం మా ఖాతా ఇల్లాలు పులుసు గిన్నెతో సహా గుమ్మంలోకి వచ్చింది. మూత తీస్తే గుప్పున కిరసనాయిలు వాసన. డబ్బులు తిరిగిచ్చాను గానీ ఆ ఇంట్లో నా చేప మళ్లీ వండలేదు. అప్పట్నుంచి అనుమానం వస్తే ఒక చేప కోసి, చిన్న ముక్క ఉప్పు కూడా లేకుండా ఉడకబెట్టి వాసన చూస్తాను. వాసన వస్తే ఆ బుట్ట గోతిలోకే. వాసన రాలేదని ధీమా పడకు, సీసం, పాదరసం లాంటివి ముక్కుకి అందవు. అందుకే మురుగు కలిసే చోట్ల అసలు వల వెయ్యకు. తేలిన చేప జోలికి అసలే పోకు.

విసురు వల నేర్చుకోవడం నెల పని. తాడు ఎడమ మణికట్టుకి చుట్టు, మూడో వంతు వల మోచేతి మీద వేసుకో, గాలి వీపు మీదుండేలా నిలబడు. బలం చేతిలోది కాదు, నడుం తిప్పడంలోది. వల అంచున ఉన్న బరువు గుళ్లు ఏటి అడుగు తాకేదాకా తాడు లాగకు. అందరూ ఇక్కడే తొందరపడతారు. కాళ్లకి పుండో గాయమో ఉంటే నీళ్లలో దిగకు. ఎలుక జ్వరం అలాగే అంటుకుంటుంది.

పులస గురించి అడిగావటగా! అది గేలంతో పట్టేది కాదు. వరదలో ఎర్రనీరు సముద్రం దాకా వెళ్తే విలస ఏటికి ఎదురొస్తుంది, తియ్య నీళ్లు తగిలాకే పులసవుతుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక దాని పైదారికి అడ్డం పడింది. దాన్ని నమ్ముకుని అప్పు చేయకు, అది బోనస్. ఒడిశా చేపని పులసని చెప్పి అమ్మేవాళ్లతో చేరావో, నా గుమ్మం తొక్కకు.

మందు కలిపో, కరెంటు పెట్టో పట్టేవాళ్లు పడవలోకి రమ్మంటారు, వెళ్లకు. నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి చేపల చట్టం నుంచీ నేరమే. సరే, చట్టం సంగతి అటుంచు, అలా పట్టిన చోట పిల్ల కూడా మిగలదు.

చేపలు చచ్చి తేలిన రోజు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోకు. శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి చోటు, టైము రాసి అంటించు, ఫోటోలు తీయి, మన సంఘం తరఫున మత్స్యశాఖ వాళ్లకి, కాలుష్య నియంత్రణ మండలికి కాగితం పెట్టు, రసీదు అడుగు. మేం చదువు లేక నోటితో తిట్టుకుని ఊరుకున్నాం. నీకా ఇబ్బంది లేదు.

ఆదివారం నాలుగింటికి రేవు దగ్గరుంటాను. చెప్పులు లేకుండా రాకు, మెట్ల మీద సీసా పెంకులున్నాయి.

మీ మావయ్య