ఉపవాసం, ఒక్కపొద్దు, నోము, దీక్ష: ఈ మాటలన్నీ ఒకటేనా?

ఉపవాసం, ఒక్కపొద్దు, నోము, దీక్ష అన్నిటికీ అర్థం ఒకటేనా, ఎక్కడి నుంచి వచ్చాయి అని అడిగారు కదా. ఒకటి కాదండి, దేని దారి దానిదే.

ఉపవాసం అన్న మాటలో తిండి ఊసే లేదు. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండటం. దేవుడి దగ్గర మనం ఉండటం అని ప్రవచనాల్లో చెప్తుంటారు, అదీ బాగుంటుంది గానీ శతపథ బ్రాహ్మణంలో (యజ్ఞాల గురించి చెప్పే వేదకాలపు గ్రంథం) చెప్పింది నాకు ఇంకా నచ్చింది. రేపు యజ్ఞం అనగా ఇవాళే దేవతలు ఆ యజమాని, అంటే యజ్ఞం చేయించేవాడి ఇంటికొచ్చి ఉంటారంట, అందుకే ఆ రోజుకి ఉపవసథం అని పేరు. ఇంటికొచ్చిన మనుషులు తినకముందు మనం తింటేనే బాగోదు, ఇక దేవతలకంటే ముందు ఎలా తింటాం అని కూడా అక్కడే ఉంది. బౌద్ధుల ఉపోసథ, శ్రీలంకలో పౌర్ణమికి సెలవిచ్చే పోయ, రెండూ ఈ మాట నుంచే.

ఒక్కపొద్దు మన మాట, ఒక్క పూట తినడం, సంస్కృతంలో అయితే ఏకభుక్తం. మా అమ్మమ్మ వాళ్ళది కరీంనగర్ దిక్కు, శనివారం శనివారం ఒక్కపొద్దు ఉండేది, మధ్యాహ్నం దేవునికి పెట్టినాక ఒక్కసారి తింటే మళ్ళీ తెల్లారేదాకా అన్నం ముట్టేది కాదు. రంజాన్ నెలలో మేం మురుకులు పట్టుకుని పక్కింటి ముస్లిం పిల్లల దగ్గరికి ఆడుకోను పోతుంటే "వాళ్ళు ఒక్కపొద్దున్నరు, నీళ్ళు గూడ తాగరు, వాళ్ళ ముందట తినకుర్రి" అని గదిమేది. ఆమె లెక్కలో రోజా కూడా ఒక్కపొద్దే. రోజా పారసీ మాట, రోజ్ అంటే దినం, మనం వాడే రోజు కూడా అక్కడిదే. అరబ్బీలో దాన్నే సౌమ్ అంటారు, మానుకుని ఉండటం అని.

నోము సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి. నోచడం నుంచి వచ్చింది, తమిళంలో నోన్బు, వెనకున్న ద్రావిడ ధాతువుకి ఓర్చుకోవడం అని అర్థం. చెన్నైలో పనిచేసేటప్పుడు రంజాన్ సాయంత్రాలు మసీదు దగ్గర నోన్బు కంజి పోసేవాళ్ళు, బియ్యం, పెసరపప్పు, మెంతులు వేసి కాచిన జావ, అక్కడి ముస్లింలకి రోజా అంటే నోన్బే. కేరళ క్రైస్తవులు ఈస్టర్ ముందు ఉండేదాన్ని కూడా నోంబు అనే అంటారు. మన దగ్గర ఆడవాళ్ళ పూజలకే మిగిలిపోయింది గానీ "ఆ ఊరు రోడ్డుకి నోచుకోలేదు" అని పేపర్లో చదువుతాం చూడండి, అది ఈ మాటే, నోము నోచలేదు కాబట్టి ఫలం దక్కలేదు అని.

మీరు అడగలేదు గానీ ఈస్టర్ మాట వచ్చింది కాబట్టి తపస్సు గురించి కూడా: తపస్సు అంటే తపించడం, వేడి. మన కాథలిక్కులు ఈస్టర్ ముందు 40 రోజుల్ని తపస్సు కాలం అంటారు.

దీక్ష మొదట సోమయాగం అనే వేదకాలపు యజ్ఞానికి ముందు యజమాని పట్టే నియమం, ఇప్పుడు అయ్యప్ప మాలకి 41 రోజులు పడుతున్నాం. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు చేసినదాన్ని మాత్రం నిరాహార దీక్ష అంటాం, ఆ నిరాహారం విడిగా చేర్చాల్సొచ్చిందంటేనే వట్టి దీక్షలో తిండి మానడం అన్న అర్థం లేదని తెలుస్తుంది.