చార్మినార్ రూపాయి మీద 92 అంటే సంవత్సరం కాదు

చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు హైదరాబాద్ రూపాయి కొన్నానని, దాని మీద 92, 1337, 7 ఒకదానికొకటి కలవట్లేదని, అది నకిలీయా అని అడిగారు కదా. అందులో 92 ముహమ్మద్ అనే పేరుకు అరబిక్ అక్షరాల లెక్కలో (ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ) వచ్చే సంఖ్య. ఆసఫ్‌జాహీ, అంటే నిజాంల వంశపు నాణేల మీద అది మామూలే, కాబట్టి తారీఖు కలవట్లేదని కొత్తగా కొన్న రూపాయిని నకిలీ అనుకోకండి.

1. చార్మినార్ వైపు ఉన్న 1337 హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపు 1918 చివర, అంటే 1918-19 నాటిది.

2. రెండో వైపున్నది పాలనా సంవత్సరం, అంటే నిజాం గద్దెనెక్కాక ఎన్నో ఏడు అన్నది, చాలామంది తడబడేది ఇక్కడే. నాణెం మీది అరబిక్ అంకెల్లో 7 ఇంగ్లీష్ వి అక్షరంలా ఉంటుంది, 8 దాన్నే బోర్లించినట్టు ఉంటుంది, నాణెం తలకిందులుగా పట్టుకుంటే ఒకటి ఇంకొకటైపోతుంది! మీరు 7 అని చదివింది 8 అయ్యుండాలి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది హిజ్రీ 1329లో, 1337లోంచి దాన్ని తీసేస్తే 8 వస్తుంది, సంవత్సరం చివర్లో కొట్టినదైతే 9 ఉండొచ్చు.

3. భూతద్దంతో చార్మినార్ గుమ్మంలోకి చూడండి, అక్కడ చిన్న అరబిక్ అక్షరం ఒకటి ఉంటుంది. ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, మీమ్ అయితే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌ది. 1337 పక్కన మీమ్ కనిపిస్తే మాత్రం గట్టిగా అనుమానించాలి.

4. తూకం సుమారు 11.2 గ్రాములు రావాలి, నగల షాపు కాటా మీద పెట్టించండి.

చింతపండుతో మాత్రం దయచేసి తోమకండి, ఆ నల్లదనం పోతే విలువా పోతుంది.