70 డాలర్లు పెట్టి గుండ్రంగా తిరిగే కార్లు చూడాలా?

ప్రశ్న: అన్నా, నేను షార్లెట్ వచ్చి నాలుగు నెలలైంది. మే నెలాఖర్లో కోకా-కోలా 600 అని కార్ రేసు ఉందట, మా టీమ్ వాళ్ళు రమ్మని ఒకటే పోరు. టికెట్ 70 డాలర్లు. ఒకే చోట గుండ్రంగా తిరిగే కార్లని చూడ్డానికి ఆరు వేల రూపాయలా అనిపిస్తోంది. చదువు కోసం తీసుకున్న లోన్ ఇంకా తీరలేదు. రానంటే ఏమనుకుంటారో అని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు:

తమ్ముడూ, ఆ గుణకారం మానెయ్యి అని చెప్పే అర్హత నాకు లేదు. 2008లో వచ్చినవాణ్ణి, ఇప్పటికీ కూరగాయల కొట్లో బెండకాయలు చేత్తో పట్టుకుని మనసులో రూపాయల్లోకి మార్చుకుంటాను, మా ఆవిడ పక్కనుంచి "అయిందా లెక్క?" అంటుంది. కాబట్టి లెక్క వెయ్యి. కాకపోతే సరిగ్గా వెయ్యి. నేను ఈ రేసు విషయంలో రెండేళ్ళు వరసగా తప్పు లెక్కలేసి పోగొట్టుకున్నది చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

నేను దిగిన టైమ్ చూడు. 2008 సెప్టెంబరు. షార్లెట్ అంటే బ్యాంకుల ఊరు, నేను వచ్చిన కొన్ని వారాలకే ఇక్కడి పెద్ద బ్యాంకు వకోవియా చేతులు మారుతోందని వార్త. ప్రాజెక్టులో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు అట్టపెట్టెలో సామాను సర్దుకుని వెళ్ళిపోయేవారు. అలాంటప్పుడు 2009 మేలో మా ఆఫీసులో ఒకాయన తన బంధువు రావట్లేదని, మిగిలిన టికెట్ నాకు 60 డాలర్లకి ఇస్తానన్నాడు. అప్పటి రేటుకి దాదాపు మూడు వేల రూపాయలు. కాదనలేకపోయాను, ఎందుకంటే లేఆఫ్ లిస్టు రాసేవాళ్ళు ఆయన పక్కనే కూర్చుంటారని నా అనుమానం (అదేం లేదని తర్వాత తెలిసింది, పాపం ఆయనే ముందు వెళ్ళిపోయాడు).

ఆదివారం వెళ్ళాను. వాన. స్టాండ్స్‌లో ప్లాస్టిక్ కవరు నెత్తిన వేసుకుని గంటలకొద్దీ కూర్చున్నాం. ఒక్క కారు పరుగెత్తలేదు, ట్రాక్ ఆరబెట్టే బండ్లు మాత్రం తిరిగాయి. చివరికి మైకులో ఏదో చెప్పారు, ఇక్కడి యాస నాకప్పటికి సగమే అర్థమయ్యేది, జనం లేచారు, నేనూ లేచాను. రేసు రద్దయిందనుకున్నాను. కోపంతో, ఆ మూడు వేలూ గుర్తొచ్చి, తడిసిన టికెట్‌ని ఉండచుట్టి గేటు దగ్గర చెత్తబుట్టలో పడేసి వచ్చాను.

రద్దు కాలేదు. మర్నాటికి వాయిదా పడింది. సోమవారం మెమోరియల్ డే, అందరికీ సెలవే, అదే టికెట్‌తో లోపలికి వెళ్ళొచ్చు. నేను గదిలో బట్టలుతుక్కుంటూ కూర్చున్నాను. మంగళవారం ఆఫీసులో ఆయన "ఎక్కడా కనపడలేదే" అంటే కడుపునొప్పి అని అబద్ధం చెప్పాను.

నన్ను ఇంకా ఏడిపించింది ఆ రోజు జరిగిన రేసు. సోమవారం కూడా వాన వదల్లేదు. మళ్ళీ చినుకులు మొదలై పసుపు జెండా (అందరూ నెమ్మదించాలని సైగ) పడగానే ముందున్న వాళ్ళంతా టైర్లకీ పెట్రోలుకీ పిట్‌లోకి వెళ్ళారు. డేవిడ్ రూటిమన్ అనే ఆయన వెళ్ళలేదు. ఎక్కడో వెనకున్నవాడు దాంతో ముందుకొచ్చాడు, వాన పెరిగింది, 400 చుట్లు తిరగాల్సిన రేసుని 227 దగ్గర ఆపేసి ఆయనే గెలిచాడన్నారు. ఆ స్థాయి రేసుల్లో ఆయనకదే మొదటి గెలుపు. కారేమో టొయోటా కామ్రీ, నంబరు 00. తమ్ముడూ, నా దగ్గరున్నదీ పాత కామ్రీయే, నా బ్యాంకు బ్యాలెన్సూ ఇంచుమించు ఆ నంబరే. రూపాయి ఖర్చుపెట్టకుండా కదలకుండా కూర్చుని గెలిచినవాణ్ణి నేను చూడకుండా పోయాను.

మీరు అదృష్టవంతులు, ఫోన్ తీస్తే వాయిదా పడిందో లేదో క్షణంలో తెలుస్తుంది. వాన మాత్రం ఈ రేసుకి చుట్టంలాంటిది, 2023లో సోమవారం పెట్టారు, 2024లో 249 చుట్లకే ముగించారు. వానకి టికెట్ సంగతేమిటో, ఏ సైజు సంచీ లోపలికి తేనిస్తారో స్పీడ్‌వే (రేసు జరిగే ట్రాక్) వెబ్‌సైట్‌లో ఉంటుంది, అది నువ్వే చదువుకో. టికెట్ మాత్రం పారెయ్యకు.

రెండో ఏడు, 2010. ఈసారి మనం తెలివి మీరాం కదా. నేనే సొంతంగా కొన్నాను, అన్నింటికన్నా తక్కువ ధర ఎక్కడుందో వెతికి మరీ. కింది వరసల్లో దొరికింది. ట్రాక్‌కి అంత దగ్గర సీటు ఇంత చవగ్గా ఇస్తున్నారేమిటి, వీళ్ళకి వ్యాపారం తెలీదు అనుకున్నాను. తెనాలిలో ఇంటర్ అయ్యేదాకా నేల టికెట్ మీద సినిమాలు చూసినవాణ్ణి, తెర ముందు కూర్చుంటే మెడ పట్టేస్తుందని తెలిసినవాణ్ణి, ఇక్కడికొచ్చి ఆ ఇంగితం ఎక్కడ పోగొట్టుకున్నానో!

కింద కూర్చుంటే ఏం కనపడుతుందో చెప్తా విను. మనకీ ట్రాక్‌కీ మధ్య ఎత్తయిన ఇనప కంచె. అప్పట్లో 43 కార్లు దిగేవి. ఎడమ నుంచి ఒక రంగుల గీత వచ్చి, గుండెలో దడేల్మని, కుడివైపు మాయమవుతుంది. అంతే. మళ్ళీ అర నిమిషానికి అదే గీత. ఎవరు ముందున్నారో, ఎవరు ఎవర్ని దాటారో అవతలి వైపు ఏమాత్రం కనపడదు. అరిగిన టైర్ల నుంచి లేచే రబ్బరు పొట్టు జుట్టులో, చొక్కా మీద, నేను కొనుక్కున్న ఎనిమిది డాలర్ల నాచోస్ మీద. నాచోస్ పారెయ్యలేదు, రబ్బరు ఏరుకుని తిన్నాను. ఎనిమిది డాలర్లు మరి.

చెవుల సంగతి ఇంకా ఘోరం. ఇయర్ ప్లగ్స్ ఇంటి దగ్గర మందుల షాపులో రెండు డాలర్లకి దొరికేవి, దూది ఉండగా అదెందుకని కొనలేదు. దూది ఏ మూలకి? యాభయ్యో చుట్టు దాటకుండానే లోపల స్టాల్లో వాళ్ళు చెప్పిన ధరకి కొన్నాను, అయినా బుధవారం దాకా చెవుల్లో ఈల. ఆ రాత్రి కర్ట్ బుష్ గెలిచాడట. ఇంటికొచ్చి టీవీలో చూసి తెలుసుకున్నాను, పక్కనే కూర్చుని వచ్చి!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వడిగిన 70 డాలర్లు అసలు ఖర్చు కాదు. టికెట్ దగ్గర పది, ఇరవై మిగిల్చి లోపల యాభై పోగొట్టుకోవడమే మనవాళ్ళు చేసేది. పైవరసలో, వీలైనంత ఎత్తులో కూర్చో. బాల్కనీ టికెట్ అనుకో. పైనుంచి మొత్తం ట్రాక్, పిట్ రోడ్డు, మలుపుల్లో 24 డిగ్రీల వాలు, అన్నీ కనపడతాయి. ఆ వాలు టీవీలో తెలీదు, అక్కడ చూస్తే గోడకి బల్లి అతుక్కున్నట్టు కార్లు అతుక్కుని పోతుంటాయి.

ఇక గుండ్రంగా తిరగడం గురించి. ఒక చుట్టు మైలున్నర, 400 చుట్లు, 600 మైళ్ళు. మన లెక్కలో 965 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ విజయవాడ వెళ్ళి, తిరుగుదారిలో సూర్యాపేట దాకా వస్తే ఎంతో అంత. ఒకే డ్రైవరు, సాయంత్రం ఎండలో మొదలెట్టి రాత్రి లైట్ల కింద ముగించాలి. 1960 నుంచి నడుస్తోంది. ఇందులో తిరిగేవి స్టాక్ కార్లు. అంటే ఒకప్పుడు నిజంగా షోరూమ్‌లో అమ్మే కారే, ఇప్పుడు పేరుకే కామ్రీ, మస్టాంగ్. లోపలంతా ఇనప గొట్టాల చట్రం. తలుపులుండవు, కిటికీలోంచి దూరాలి. ముందున్న హెడ్‌లైట్లు స్టిక్కర్లు! మా అబ్బాయికి ఆ సంగతి తెలిసినప్పుడు నాలుగు రోజులు ఏడ్చినంత పని చేశాడు.

నాకు మాత్రం ఈ ఆట పట్టుబడింది పొదుపు వల్ల. నవ్వకు. టైర్లు మారిస్తే వేగం పెరుగుతుంది, కానీ ఆగినందుకు స్థానాలు పోతాయి. పెట్రోలు నిండా పోయించుకుంటే ఎక్కువసేపు పోవచ్చు, కానీ నింపడానికి పట్టే ఒక్కో సెకనుకీ ఎవడో ఒకడు దాటేస్తాడు. ముందు కారు తోకకి అంటుకుని పోతే గాలి ఒత్తిడి తగ్గి ఇంధనం మిగులుతుంది. నాలుగు గంటలు దాటి వీళ్ళు చేసేది మనం నెలాఖర్లో చేసేదే, ఉన్నదాంట్లో జీతం వచ్చేదాకా లాగడం.

2011లో ఇది కళ్ళారా చూశాను. అప్పటికి మా ఆవిడ వచ్చింది. పైవరసలో రెండు సీట్లు, ఇంటి నుంచి పులిహోర, గారెలు, మందుల షాపు ఇయర్ ప్లగ్స్ (డబ్బాకి ఆరు జతలు, ఇంకా మూడు మిగిలాయి). జూనియర్ ఎర్న్‌హార్ట్ అని, ఇక్కడి వాళ్ళకి ఆయనంటే ప్రాణం. వాళ్ళ నాన్న డేల్ ఎర్న్‌హార్ట్ పక్కనున్న కన్నాపోలిస్‌లో పుట్టి, ఏడు సార్లు చాంపియనై, 2001లో డేటోనా రేసు చివరి చుట్టులో చనిపోయాడు. కొడుకు అప్పటికి మూడేళ్ళుగా ఒక్కటీ గెలవలేదు. 400 చుట్లు అయ్యే వేళకి పసుపు జెండా పడి రెండు చుట్లు పొడిగించారు. పొడిగించడమంటే పెట్రోలు ఇంకా కావాలనేగా. అందరి ట్యాంకుల్లోనూ అడుగు చుక్కలే. మళ్ళీ పరుగు మొదలుకాగానే ముందున్న ఒక కారు పెట్రోలు లేక నీరసించిపోయింది, వెనక కార్లు గుద్దుకున్నాయి, జూనియర్ ముందుకొచ్చాడు. స్టాండ్స్ అంతా నిలబడిపోయింది. మా ముందు వరసలో ఒక పెద్దాయన, మా నాన్న వయసుంటుంది, టోపీ తీసి గుండెకి హత్తుకుని కదలకుండా నిల్చున్నాడు. చివరి చుట్టు, చివరి మలుపు, గీత కనపడుతోంది. కారు చప్పుడు ఆగిపోయింది. పెట్రోలైపోయింది! వెనకనుంచి కెవిన్ హార్విక్ దూసుకొచ్చి గెలిచాడు. జూనియర్ ఏడో స్థానం. అంత మంది ఒక్కసారి "అయ్యో" అన్నట్టు ఊపిరి వదలడం ఇంజన్ల మోతని మించి వినపడింది.

మా ఆవిడ అంది కదా, "ఇంకో గ్లాసుడు పోయించుకుని ఉండాల్సింది" అని. ఆ పెద్దాయన వెనక్కి తిరిగి ఏమందో చెప్పమన్నాడు. చెప్పాను. ఏమీ మాట్లాడలేదు, మా గారె ఒకటి తీసుకుని తిన్నాడు.

సరే, నీ విషయానికొస్తే. ఇంటికి పంపాల్సింది పంపు, లోన్ కిస్తీ ముందు కట్టు, అది కట్టకుండా రేసుకి వెళ్ళావంటే నేనొప్పుకోను. కట్టాక మిగిలిందాంట్లో 70 తీయడం కుదరకపోతే టీమ్ వాళ్ళకి ఈ ఏడు చేతిలో డబ్బులు లేవని చెప్పు. నాలాగ కడుపునొప్పి అనకు. ఇక్కడ డబ్బు లేదని చెప్పడం నామోషీ కాదు, ఆ మాట పైకి అనడానికి నాకు పదేళ్ళు పట్టింది. కుదిరితే వెళ్ళు. రోజూ ఐదు డాలర్ల కాఫీ తాగే కుర్రాళ్ళు (నువ్వూ తాగుతుంటావులే, ఇప్పుడందరూ తాగుతున్నారు) పధ్నాలుగు కాఫీల ఖరీదు దగ్గర ఆగిపోవడం నాకెప్పుడూ అర్థం కాదు. అసలేమీ పెట్టనంటావా, పక్కనున్న కాంకర్డ్ ఊళ్ళో రేసు టీమ్‌ల వర్క్‌షాపులున్నాయి, స్పీడ్‌వేకి దగ్గర్లోనే హెండ్రిక్ అనే రేసు టీమ్ వాళ్ళ మ్యూజియం ఉంది, నేను వెళ్ళినప్పుడు టికెట్ అడగలేదు. ముందు అది చూసిరా, మంగళవారం ఆఫీసు కబుర్లలో నోరు విప్పడానికి ఆ మాత్రం చాలు.

ఒక్కడివే క్యాబ్‌లో మాత్రం వెళ్ళకు, రేసయ్యాక అర్ధరాత్రి వాళ్ళు చూపించే రేటుకి టికెట్ నయమనిపిస్తుంది. టీమ్ వాళ్ళ కారులో సీటు అడుగు, పెట్రోలుకి నీ వాటా ఇచ్చెయ్యి. డ్రైవర్లు రేడియోలో మాట్లాడుకునేది వినడానికి అక్కడ స్కానర్లు అద్దెకిస్తారు, మొదటిసారి అది నీకు దండగ. కూలర్ కొనకు, మెత్త గుడ్డది నా దగ్గరొకటుంది, చెవి మఫ్స్ కూడా రెండు జతలున్నాయి, శనివారం పదింటిలోపు వస్తే పట్టుకెళ్ళొచ్చు. మఫ్స్‌లో నీలం జత నాది, అది తిరిగి తెచ్చివ్వాలి.