గ్యాస్ ఉన్నా పల్లెల్లో కట్టెల పొయ్యి ఎందుకు మానరు?

పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే ఉజ్వల పథకం వచ్చింది, ఐదు వందల రూపాయల సిలిండర్ వచ్చింది, అయినా మన వరంగల్ పల్లెల్లో కట్టెల పొయ్యి ఎందుకు ఆగలేదు, ధర ఒక్కటే కారణమా అని మీరు అడిగారు. ధర కారణమే. కానీ సిలిండర్ ఎంత అన్నదానికన్నా, ఆ డబ్బు ఏ నెలలో కట్టాల్సి వస్తుందన్నదే పెద్ద విషయమని నేను గమనించాను. మాది పరకాల వైపు పత్తి పండే ఊరు. నేను హనుమకొండలో ఉంటున్నాను. ఊళ్లో మా అన్నయ్య ఇంట్లో ఇప్పటికీ రెండు పొయ్యిలూ నడుస్తున్నాయి.

పత్తి ఏరడం అయిపోయాక మిగిలిన పత్తికట్టెను చేనులో ఉంచకూడదు. గులాబీ రంగు పురుగు అందులో దాక్కుని మళ్లీ పంట మీదికి వస్తుందని వ్యవసాయ అధికారులు ఏటా చెబుతారు. పీకిన కట్టెను కొందరు అక్కడే తగలబెడతారు, కొందరు ట్రాక్టర్ మీద ఇంటికి తోలుకుంటారు. అలా వేసవికల్లా పెరట్లో మోపులు పేరుకుంటాయి. చేతి నుంచి పైసా పోలేదు కాబట్టి అది ఉచితమని అందరి లెక్క. మోపు కట్టిందెవరు, పొయ్యి ముందు కూర్చుని ఊదిందెవరు అన్నది ఆ లెక్కలోకి రాదు. పైగా పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది. అన్నం ఉడికేదాకా మనిషి పక్కనే ఉండి ఎగదోస్తూ ఉండాల్సిందే.

వానలు పడగానే ఆ కట్టె తడుస్తుంది, ఇల్లంతా పొగ. గ్యాస్ అవసరం నిజంగా అప్పుడే. చేతిలో డబ్బు ఉండనిదీ అప్పుడే: జూన్, జూలైలో ఉన్నదంతా విత్తనాలకూ ఎరువులకూ పోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఐదు వందల సిలిండర్ పథకంలోనూ ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ సిలిండర్లు ఎన్ని అన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి పెట్టారు. అంటే డబ్బు లేక కట్టెలతో నెట్టుకొచ్చిన ఇంటికే తక్కువ సిలిండర్లు! ఈ నిబంధన రాసినవారెవరూ వానాకాలంలో పొయ్యి ఊది ఉండరని నా అనుమానం.

ఇంకో సంగతి గమనించండి. పత్తి ఏరే రోజుల్లో మా వదిన కట్టెల పొయ్యి జోలికే వెళ్లదు. సొంత చేను అయిపోతే పక్క చేలకు కూలికి వెళుతుంది. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి పొద్దున పొయ్యి దగ్గర గంట పోతే ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. అప్పుడు గ్యాస్ ఖరీదని ఇంట్లో ఎవరూ అనరు. ఎండాకాలంలో పనులు తగ్గాక మళ్లీ కట్టెలే. సిలిండర్ ధర మారలేదు, మారింది ఆమె గంటకు దక్కే విలువ.

1999లో వచ్చిన దీపం పథకం కింద మా అమ్మకు మహిళా సంఘం ద్వారా కనెక్షన్ వచ్చింది. చాలా ఏళ్లు దాన్ని చుట్టాలొస్తే టీ పెట్టడానికే వాడింది. కనెక్షన్ ఆమె పేరున ఉన్నా, సిలిండర్ డబ్బులు నాన్న జేబులో ఉండేవి. ఇంట్లో ఒక్కటే సిలిండర్ ఉంటే అయిపోతుందన్న భయం వేరే.

స్నానానికి నీళ్లు మా ఊళ్లో ఎవరూ గ్యాస్ మీద కాచరు. సంక్రాంతి సకినాలకు పెట్టే పెద్ద మూకుడు గ్యాస్ పొయ్యి మీద కుదురుగా నిలవదు కూడా. కట్టెల పొయ్యి వంటకే రుచి అనే మాట మాత్రం నేను ఎక్కువగా తినేవాళ్ల నోటే విన్నాను, ఊదేవాళ్ల నోట కాదు.

ఇదంతా పత్తి ఊళ్ల సంగతి. ఏటూరునాగారం వైపు అడవి పుల్లలు దొరుకుతాయి, గోదావరిఖని వైపు గనుల పక్క ఇళ్లలో బొగ్గు పొయ్యిలు నడిచిన రోజులున్నాయి. అక్కడి లెక్కలు వేరు.

మీరు ప్రాజెక్టు కోసం ఇళ్లు తిరుగుతానన్నారు కదా. గ్యాస్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెబుతారు. చివరి సిలిండర్ ఏ నెలలో తెచ్చారు, డబ్బు ఎవరిచ్చారు అని అడగండి, అదీ వంట చేసే మనిషినే. వీలైతే జూలైలో ఒకసారి, పత్తి ఏరేటప్పుడు ఒకసారి వెళ్లండి. ఒకే ఇల్లు రెండు వేర్వేరు జవాబులు చెబుతుంది.