నరం కుట్టి రెండు నెలలైనా నాన్న చిటికెన వేలికి స్పర్శ లేదు. నరం చచ్చిపోయినట్టేనా?

కుట్టుకు అవతలి ముక్క చచ్చిపోయింది, నిజమే. నరం మాత్రం చావలేదు. రెండు నెలలకే ఆశ వదులుకోవద్దని మీ నాన్నగారికి చెప్పండి.

నర్సంపేట దగ్గర మా ఊళ్ళో బర్రెలకు గడ్డి కోస్తుంటే కొడవలి జారి మా తమ్ముడి ఎడమ మణికట్టు తెగింది. ఊళ్ళో డాక్టరు పైచర్మానికి నాలుగు కుట్లేసి, బలానికి బీ12 సూదులు మొదలుపెట్టాడు. నాలుగో రోజు పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుంటే చిటికెన వేలు కాలి బొబ్బ లేచింది. అమ్మ చూసి అరిచేదాకా వాడికి తెలియనే లేదు.

మన మాటలోనే చిక్కుంది. రక్తనాళమూ నరమే, కండను ఎముకకు కట్టే తాడూ నరమే, స్పర్శను మోసేదీ నరమే. "నరానికేం కాలేదు" అని ఆ డాక్టరంటే నమ్మి ఐదు నెలలు పోగొట్టుకున్నాం. బీ12 తక్కువైనవాళ్ళకు ఆ సూదులు అవసరమే, తెగిన నరాన్ని మాత్రం అవి అతికించవు.

చివరికి హన్మకొండలో ప్లాస్టిక్ సర్జన్ నరం కుట్టి, విడమరిచి చెప్పారు. నరంలో స్పర్శను మోసే సన్నటి తీగల తల్లికణాలు మెడ దగ్గర, వెన్ను పక్కన ఉంటాయి. వాటితో సంబంధం తెగిన ముక్క కొన్ని రోజుల్లోనే తునకలైపోతుంది. 1850లో వాలర్ అనే ఇంగ్లండు వైద్యుడు కప్ప నాలుక నరాలు కోసి చూసింది ఇదే. కుట్టినా ఆ ముక్క బతకదు, కుట్టేది దారి కోసం. తీగలను చుట్టుకుని ఉండే ష్వాన్ కణాలు చెత్త ఊడ్చి వరుసకడితే, పైనుంచి కొత్త తీగ ఆ దారిలో రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పాకుతుంది. మణికట్టు నుంచి వేలి కొసదాకా లెక్కేసుకోండి, ఆరు నెలలు ఎటూ పోవు.

నేను నెలనెలా వాడి మణికట్టు నుంచి కిందికి వేలితో తట్టుకుంటూ వచ్చేదాన్ని. ఒకచోట చిటికెన వేలిలోకి జివ్వున కరెంటు కొట్టినట్టుందనేవాడు. కొత్త తీగ కొస అక్కడిదాకా వచ్చిందన్నమాట. అక్కడ బాల్‌పెన్నుతో చుక్క పెట్టి, స్కేలుతో కొలిచి క్యాలెండర్ మీద రాసేదాన్ని. నెలకు రెండు వేళ్ళ వెడల్పు చొప్పున చుక్క అరచేతిలోకి జరిగింది. ఏడో నెలలో గ్లాసు పట్టుకుని "అక్కా, కాలుతోంది" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మాత్రం గుంటపడే ఉంది. ఏడాది, ఏడాదిన్నర నరం అందకపోతే కండ మళ్ళీ కోలుకోవడం కష్టం. ఆ ఐదు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మీ నాన్నగారికి ఇవాళే తట్టి చూడండి. చుక్క నెలనెలా జరుగుతుంటే ఓపిక పట్టండి, మూడు నెలలైనా కదలకపోతే కుట్టిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. అందాకా చాయ్ బాగున్న చేత్తో తాగమనండి.