పిన్ పడకుండానే బెల్ట్ పోతుందా?

ప్రశ్న: 2022లో అమెరికా రెజ్లింగ్ సంస్థ ఏఈడబ్ల్యూ, జపాన్ రెజ్లింగ్ సంస్థ న్యూ జపాన్ కలిసి నడిపిన ‘ఫర్బిడెన్ డోర్’ కార్యక్రమంలో న్యూ జపాన్ ఛాంపియన్ జే వైట్ తన బెల్ట్ (టైటిల్) కోసం ఒకేసారి ముగ్గురితో తలపడ్డాడు. ఛాంపియన్‌కు అది లాభమా, నష్టమా?

జవాబు: నష్టమే. ఇద్దరి పోటీలో బెల్ట్ పోవాలంటే సాధారణంగా ఛాంపియన్ భుజాలే మూడు లెక్కపెట్టేదాకా మ్యాట్‌కి ఆనాలి (అదే పిన్), లేదా అతనే లొంగిపోవాలి. నలుగురి పోటీలో అలా కాదు. ఎవరు ఎవరిని పిన్ చేసినా పోటీ అక్కడికి సరి. వైట్ ఓ మూల పడి ఉన్నా బెల్ట్ చేజారేది. అతను ప్రత్యర్థుల్లో ఒకాడాను కాకుండా ఆడమ్ కోల్‌ని పిన్ చేసి గట్టెక్కాడు. కోల్‌కు కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) కావడంతో ముగింపు అర్ధాంతరంగా వచ్చింది, చూసేవాళ్లకు వెలితిగానే అనిపించింది.

ప్రశ్న: అదే రోజు జాన్ మాక్స్లీ గెలిచింది ఏఈడబ్ల్యూ ‘ఇంటరిమ్’ (తాత్కాలిక) టైటిల్ అన్నారు. ఎందుకు?

జవాబు: అసలు ఛాంపియన్ సీఎం పంక్ కాలి గాయంతో ఆగిపోయాడు. బెల్ట్ లాక్కోకుండా తాత్కాలిక ఛాంపియన్‌ను పెట్టారు. జపాన్ రెజ్లర్ తనహాషీని ఓడించి మాక్స్లీ ఆ తాత్కాలిక ఛాంపియన్ అయ్యాడు. అసలువాడు కోలుకున్నాక ఇద్దరూ తలపడాలన్నది అప్పటి ఏర్పాటు. గాయాల బెడద అంతటితో ఆగలేదు: అదే కార్యక్రమంలో గాయపడిన మరో రెజ్లర్ ఇషీ స్థానంలో క్లార్క్ కానర్స్ దిగాడు.

ప్రశ్న: జపాన్ పోటీల్లో రింగ్ బయట రెఫరీ లెక్క సాగుతూనే ఉంటుందేం?

జవాబు: బయటికెళ్లినవాడు లోపలికి తిరిగి రావడానికి న్యూ జపాన్‌లో 20 దాకా లెక్క, ఏఈడబ్ల్యూలో 10. అందుకే జపాన్ పోటీల్లో బయటి కొట్లాటకు తీరిక ఎక్కువ.